మరకకు మందు

“దవాఖానకు పోయే లోపల కోడలికి జర పని నేర్పు. లగ్గాల సీజన్ ముంగట పెట్టుకొని దుకాణం బంద్ పెట్టలేం గద,” అన్నాడు రాజనర్సయ్య, తాగిన చాయ్ గ్లాసు గట్టు మీద పెడుతూ.

చిలకమ్మ బియ్యం కడుగుతోంది. చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆయన ఆ మాట కోపంగా అనలేదు, కసిగానూ అనలేదు. ఊరెళ్తూ ఇంటి తాళం ఎవరికివ్వాలో చెప్పినట్టు అన్నాడు. అని, దువ్వెన జేబులో పెట్టుకుని, అమీర్‌పేట సందులోంచి నడుచుకుంటూ పంజాగుట్ట దుకాణానికి వెళ్లిపోయాడు. వచ్చే వారం ఆమె ఎడమ రొమ్ము తీసేస్తారు. ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఎవరూ ఆ మాట నోటితో అనరు. ఆయన ‘ఆపరేషన్’ అంటాడు. కొడుకు మహేశ్ అది కూడా అనలేక, “అదంత అయినంక మంచిగ రెస్ట్ తీసుకో అమ్మా” అంటాడు, తలుపు వైపు చూస్తూ. మొన్న మాత్రం రాజనర్సయ్యే నారింజపండ్లు తెచ్చి, ఒలిచి, గింజలు తీసి పళ్లెంలో పెట్టాడు. ప్రేమ లేని మనిషి కాదు. కాకపోతే ఆయన ప్రేమకు దుకాణం మూసే వేళ దాటాకే తీరిక దొరుకుతుంది.

దుకాణం బోర్డు మీద రాజనర్సయ్య పేరుంది, దాని కింద ‘పెట్రోల్ వాష్, రోలింగ్, పాలిష్’ అని ఉంది. ముందు గదిలో కౌంటరు, అద్దాల బీరువా, దేవుడి పటం, ఆయన. వెనక గదిలో పెట్రోలు తొట్టి, చీరలారేసే తీగలు, ఒక బల్ల, ఆమె. శ్రీనగర్ కాలనీ నుంచి, బంజారా హిల్స్ నుంచి పట్టుచీరలు వస్తాయి. పెళ్లి భోజనాల్లో సాంబారు ఒలికినవి, పెళ్లికూతురి పసుపు అంటినవి, హారతి కర్పూరం మసి పట్టినవి. నీళ్లు తగిలితే పట్టు పాడవుతుంది కనుక తెల్ల పెట్రోల్లో ముంచి తీస్తారు. దానికీ లొంగని మొండి మరకలుంటాయే, వాటిని బల్ల మీద పరచి, కింద పాత టవలు మడతేసి, దూదితో మందు అద్ది, అంచు నుంచి నడిమికి, అంచు నుంచి నడిమికి వేలికొసతో తీయాలి. నడిమి నుంచి అంచుకు వెళ్లారో, మరక పోదు సరికదా చీరంతా పాకుతుంది. ఎంత మందు పొయ్యాలి, ఎంతసేపు ఆగాలి, నోటితో ఎప్పుడు ఊదాలి, ఇవి ఆమెకెవరూ నేర్పలేదు. వేళ్లే నేర్చుకున్నాయి.

మందు సీసాల మీద పేర్లుండవు. అవన్నీ ఒకప్పటి కూల్‌డ్రింకు సీసాలు. ఇది నూనె మరక మందు, అది పసుపు మరక మందు, ఆ మూల ఉన్నది తుప్పు మరక మందు. మందు అనే మాట ఎంత చల్లగా ఉంటుందో చూడండి. జ్వరానికి మందు, దగ్గుకు మందు, మరకకు మందు. మందు అన్నాక అది మనిషికి మేలు చేసేదే కదా అనుకుంది చిలకమ్మ, పెళ్లయి వచ్చిన కొత్తలో. పని అయ్యాక చేతుల జిడ్డు దాంతోనే కడుక్కునేది. ఒక ఎండాకాలం మెడ నిండా, రొమ్ముల నడుమా చెమటకాయలు పేలితే, చల్లగా ఉంటుందని దూదితో అదే రాసుకుంది. మంట పుట్టింది. మంట పుట్టింది కాబట్టి మంచి మందే అనుకుంది.

“తలుపు జర దగ్గరకేసుకో. వాసనొస్తుందని గిరాకీలు మొకం చిట్లిస్తున్రు,” అనేవాడు ఆయన. వేసుకునేది. మూసిన తలుపు ఇవతలికి ముందు గది మాటలు వినపడేవి. “నర్సయ్య చెయ్యి పడ్డదంటె మరక బతకది భాయ్!” అనేవారు వచ్చినవాళ్లు. అలా అన్నప్పుడల్లా ఆమె చేతిలో దూది ఆగేది, చెవులు గోడకు అతుక్కునేవి. ఇప్పుడంటాడు. ‘నాది కాదు, మా ఇంటిదాని చెయ్యి’ అని ఇప్పుడంటాడు. ఆయన నవ్వి, “అంత మీ దయ” అనేవాడు. ఈసారి కాకపోతే వచ్చేసారి అంటాడులే అని మళ్లీ దూది తడుపుకునేది. అట్లా ఎదురుచూస్తూ ఎదురుచూస్తూనే వెంట్రుకలు నెరిశాయి. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా పక్కవాళ్ల మొహం చూడదు, చీర చూస్తుంది. ఈ నెమలిపింఛం చీర కొంగున నెయ్యి పడింది ఫలానా ఏడు, ఆ ఉల్లిపొర రంగు చీరకు పసిపిల్ల వాంతి చేసుకుంది. అన్నీ ఆమె వేళ్లకు గుర్తే. ఆ చీరలు కట్టుకున్న ఆడవాళ్లకే ఆమె గుర్తు లేదు.

ఆ మందుల వాసన ఎట్లా ఉంటుందో ఆమెకిప్పుడు తెలియదు. ఏ వాసనా తెలియదు. ఎప్పుడు పోయిందో గుర్తు లేదు, చీకటి పడ్డట్టు మెల్లగా పోయింది. ఒకరోజు మార్కెట్లో మల్లెపూలు కొని, ముక్కు దగ్గర పెట్టుకుని, “వాసన లేని పూలు అంటగడుతున్నవేందమ్మా” అని పూలామెతో కొట్లాడితే, పక్కనున్న వాళ్లు నవ్వారు. సందులో ఎవరింట్లోనో పోపు వేస్తే ఆమెకు చప్పుడొకటే వినిపిస్తుంది. మనవరాలు పింకీ పుట్టాక ఈ లోటు మరీ కొరుక్కు తింటోంది. కోడలు దివ్యశ్రీ పిల్లకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, “జర చూడు అత్తమ్మా, తల ఎంత కమ్మగ వాసనొస్తుందో!” అని చేతికిస్తుంది. చిలకమ్మ ఆ మెత్తటి మాడు మీద ముక్కు ఆనించి, ఊపిరి ఎంత లోపలికి పడుతుందో అంతా పీలుస్తుంది. ఏమీ ఉండదు. గాలి ఒక్కటే. “అవునే, మస్తున్నది” అంటుంది. లోకంలో అందరు నాయనమ్మలకూ ఊరికే దొరికే ఆ వాసన కోసం ఆమె ఏమైనా ఇచ్చేది. ఇయ్యడానికి తన దగ్గర ఏముందా అని ఆలోచిస్తే, రెండు చేతులే కనపడేవి.

కిందటి నెల సోమాజిగూడ ఆస్పత్రిలో జరిగింది కూడా చెప్పాలి. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ హరిణి ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. కుర్రపిల్ల, కోస్తా మాట.

“అమ్మ ఏం చేస్తుంటారండీ?”

“ఏం చేయదమ్మా. ఇంట్లనే ఉంటది,” అన్నాడు రాజనర్సయ్య.

చిలకమ్మ తల తిప్పి ఆయన మొహం చూసింది. అబద్ధమాడే మొహం కాదది. నిజంగా అలాగే అనుకుంటున్న మొహం. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

“మందులేమైనా వాడుతున్నారా అమ్మా?”

ఈసారి ఆయన నోరు తెరిచేలోపే చిలకమ్మ అంది, “పొద్దంత మందుతోనే ఉంటనమ్మా.”

డాక్టరమ్మ కలం ఆగింది. “మందా? ఎన్నాళ్ల నుంచీ?”

“పెండ్లయినప్పటి సంది.”

“రోజూనా?”

“రోజు. పెండ్లిళ్లప్పుడైతే డబ్బాలకు డబ్బాలు అయిపోతది.”

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “మీవారికి తెలుసా?”

“ఆయనే తెచ్చిస్తడు గదమ్మా!”

“అయ్యో అయ్యో, గా మందు కాదమ్మా!” రాజనర్సయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. “చీరల మందు! మరకల మందు! ఇజ్జత్ తీస్తవేందే నాది!”

ముగ్గురూ నవ్వారు. చిలకమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అంతలో డాక్టరమ్మ నవ్వు మెల్లగా తగ్గిపోయి, ఒకటొకటే అడగడం మొదలుపెట్టింది. ఆ గదికి కిటికీ ఉందా? చేతులకు తొడుగులు వేసుకుంటారా? ఏ వయసులో మొదలుపెట్టారు? కడుపుతో ఉన్నప్పుడు కూడా చేశారా? చిలకమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. ఇన్నేళ్లలో తన పని గురించి తనను అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల.

“ఇదిగో ఇందువల్లే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా,” అంది డాక్టరమ్మ. “వయసుంటుంది, వంశముంటుంది, ఇంకా చాలా ఉంటాయి. కానీ ఇలాంటి రసాయనాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసే ఆడవాళ్లకి ఈ ముప్పు పెరగొచ్చని పరిశోధనలు చేసినవాళ్లు అంటున్నారు. చిన్న వయసులో, కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చే రోజుల్లో ఒళ్లు మరీ లేతగా ఉంటుంది. కొన్ని పాలల్లోకి కూడా దిగుతాయి. అలాంటివాళ్లు ఆ గది దగ్గరికే వెళ్లకూడదు.”

“నేను సుత గదే దుకాణంల ఉన్న గదమ్మా, నాకేం కాలే,” అన్నాడు రాజనర్సయ్య.

“మీరు ముందు గదిలో ఉన్నారు కదండీ,” అంది డాక్టరమ్మ.

చిలకమ్మ ఇన్నాళ్లూ తనలో నలుగుతున్నది అడిగేసింది. “పిల్లగానికి పాలియ్యకపోతే గీ గడ్డ వస్తదంటున్నది మా ఆడబిడ్డ.”

“పాలివ్వడం కొంతవరకు కాపాడుతుంది, అది నిజమే. మీరెందుకివ్వలేదు?”

ఎందుకివ్వలేదు? పాలు లేక కాదు. మహేశ్ పుట్టినప్పుడు ఆమెకు పాలు ఎట్లా పొంగాయని! వెనక గదిలో చీర మీద వంగి ఉండగానే, ముందు గదిలో వాడు కుయ్యిమంటే చాలు, రవిక ముందంతా తడిసిపోయేది. మందు చెయ్యి కొంగుకు తుడుచుకుని పరుగెత్తి ఒళ్లోకి తీసుకునేది. వాడు ఆకలి మీద నోరు తెరిచి దగ్గరకొచ్చి, అంతలోనే మొహం చిట్లించి పక్కకు తిప్పేసేవాడు. ఒకసారి కాదు, పూటపూటా. “నీ దగ్గరికొస్తె పెట్రోల్ బంకుల నిలబడ్డట్టున్నది. పోరడెట్ల తాగుతడే?” అంది అత్త, వాడిని ఒళ్లోంచి తీసుకుంటూ. స్నానం చేసొస్తాను, ఒక నెల ఇంట్లో ఉంటాను అని అడిగితే, “నెల రోజులు దుకాణం ఎవలు చూస్తరు, నీ అయ్య చూస్తడా?” అంది. డబ్బాపాలు వచ్చాయి. చిలకమ్మ పాలు గట్టిపడి, గడ్డలు కట్టి, జ్వరం తెచ్చి, చివరికి ఇంకిపోయాయి. ఆ రోజుల్లో దొడ్డి గోడ వైపు తిరిగి నిలబడి పాలు పిండి పారబోసుకునేది. అటుపక్క మహేశ్ డబ్బాపాలు చప్పరించే చప్పుడు వినపడేది. ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది. వాడికి పిల్ల పుట్టింది, బట్టతల వస్తోంది, అయినా వాడు అన్నం తింటూ మూతి చప్పరిస్తే ఆమె రొమ్ములో ఎక్కడో సన్నగా లాగుతుంది. ఇన్నాళ్లూ అది బిడ్డ మీద తీరని ఆశ అనుకుంది. గడ్డ అని తేలాక, ఆ లాగడంలో ఆశ ఎంతో, గడ్డ ఎంతో తెలియకుండా పోయింది.

తిరిగొస్తూ ఆటోలో రాజనర్సయ్య అన్నాడు, “గా డాక్టరమ్మ ముచ్చట ఇంట్ల చెప్పకు. కోడలు పోరి బెదురుతది. ఆమె సుత పక్కా అనలే గద.” చిలకమ్మ తలూపింది. ఇన్నేళ్లూ ఊపిన తలే కదా, దానంతటదే ఊగింది.

ఇప్పుడు ఆ పోరికే నేర్పమంటున్నాడు. అన్యాయం ఏమిటంటే, దివ్యశ్రీ కూడా అదే కోరుతోంది. కాన్పుకు ముందు అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునేది. పిల్ల పుట్టాక మళ్లీ వెళ్తే, నీ కుర్చీలో వేరే అమ్మాయిని పెట్టుకున్నాం అన్నారు. “ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తుంది అత్తమ్మా. నాకు నీ పని నేర్పు. నువ్వు మరక తీస్తుంటే ఫోన్ల వీడియో తీసి పెడ్త. పేరు సుత ఆలోచించిన, ‘చిలకమ్మ చెయ్యి’ అని. ఎట్లున్నది?” అంది మొన్న, వెల్లుల్లి ఒలుస్తూ.

ఎట్లుంది? చిలకమ్మ లేచి పెరట్లోకి వెళ్లి, ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. చిలకమ్మ చెయ్యి. మొగుడు అంటాడని ఒక జీవితమంతా గోడకు చెవి పెట్టి కాచుకున్న మాటను, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల వెల్లుల్లి పొట్టు ఊదుతూ అనేసింది. ఒక్కరు. ఈ వేళ్లు నేర్చుకున్నదంతా ఒక్కరి వేళ్లలోకి పోతే, రేపు ఆస్పత్రిలో ఏమైనా, లోకంలో ఒకరికైనా తెలుస్తుంది ఆ చెయ్యి ఎవరిదో. నేర్పాలని ఎంత ఆశ పుట్టిందంటే, ఆ సాయంత్రం వంట చేస్తూ చెయ్యి దానంతటదే గట్టు మీద అంచు నుంచి నడిమికి, అంచు నుంచి నడిమికి రాసింది.

ఆ ఆశ వల్లనే కావచ్చు, ఆయన నేర్పమని వెళ్లిన రోజు మధ్యాహ్నం కాదనలేక, కోడలినీ పిల్లనీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది. చూపిద్దాం, ముట్టుకోనివ్వకుండా దూరం నుంచి చూపిద్దాం అని తనకు తాను సర్దిచెప్పుకుంటూ నడిచింది. వెళ్లేసరికి కౌంటరు దగ్గర శ్రీనగర్ కాలనీ హైమవతి ఉంది. పాత గిరాకీ. కౌంటరు మీద వంగపండు రంగు పట్టుచీర, కొంగు మీద అరచేయంత మరక.

“నూనె, పసుపు కలిసి పడ్డాయి నర్సయ్యగారూ. మా అమ్మాయి రవళి, నిశ్చితార్థానికి ఇదే కట్టుకుంటానని కూర్చుంది. ఇంకెక్కడికీ తీసుకెళ్లలేదు, మీ చెయ్యే పడాలి దీని మీద.”

“మీరు ఫికర్ పడకున్రి అమ్మా. ఇగో, కోడలికి చూపెట్టుకుంట తియ్యి,” అన్నాడు ఆయన చిలకమ్మతో, చీర అందిస్తూ.

చిలకమ్మ కౌంటరు దగ్గర చీర తిప్పి మరక లోతు చూస్తోంది. అది చూసి లోపలికి వచ్చేసరికి దివ్యశ్రీ అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. పిల్లను ఎడమచేత్తో ఎత్తుకుని, కుడిచేత్తో సీసా మూత తీసి, “అబ్బ! ఏం వాసన అత్తమ్మా, తల తిరిగిపోతుంది. ఇదేనా పసుపు మందు?” అంటోంది. పిల్ల ఆకలి మీదుంది. తల్లి రవిక పట్టుకుని లాగుతోంది. దివ్యశ్రీ రవిక ముందు తడి గుండ్రంగా పాకుతోంది. పింకీ నోరు తెరిచి ఆ తడి దగ్గరకొచ్చి, ముక్కు చిట్లించి, తుమ్మి, మొహం పక్కకు తిప్పేసింది.

చిలకమ్మ వెళ్లి సీసాకు మూత పెట్టింది. కోడలి భుజం పట్టి లేపింది. మాట్లాడకుండా ముందు గదిలోకి నడిపించుకొచ్చి, చీర కౌంటరు మీద పెట్టింది.

“గీ మరక పోదమ్మా,” అంది హైమవతితో.

“పోదా?” అన్నాడు రాజనర్సయ్య. “నూనె, పసుపే గద! గిసొంటియి ఎన్ని తియ్యలే నువ్వు?”

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. హైమవతి ఆయన వైపు చూసింది, తర్వాత చిలకమ్మ చేతుల వైపు చూసింది. “ఏంటీ... ఇన్నేళ్లూ మా చీరలు తీసిన చెయ్యి మీదా అమ్మా?”

పైన మెట్రో రైలు వెళ్తే అద్దాల బీరువా సన్నగా అదిరింది.

దివ్యశ్రీ మొహం చిన్నబోయింది. “నాకు నేర్పనీకి మనసొప్పుతలేదా అత్తమ్మా? సీదా చెప్పొచ్చు గద.”

“సీదనే చెప్తున్న ఇను,” అంది చిలకమ్మ. “నా గడ్డ గీ మందులతోనే వచ్చిందని డాక్టరమ్మ పక్కా చెప్పలే. రావచ్చు అన్నది. పాలిచ్చే తల్లి గీ గదిలకు పోవద్దని మాత్రం పక్కా చెప్పింది. మీ మామ నిన్ను బెదిరియ్యొద్దన్నడు. నేను బెదిరిస్తున్న. బెదురు. నౌకరి వెతుక్కో, నేను పిల్లను చూసుకుంట. గా బల్ల కాడ మాత్రం నువ్వు కూసోవు.”

రాజనర్సయ్య గల్లాపెట్టె మూత తెరిచాడు, మళ్లీ మూశాడు. దివ్యశ్రీ పిల్లను గుండెకు అదుముకుని గుమ్మం దాటి వీధిలోకి, గాలిలోకి వెళ్లి నిలబడింది.

హైమవతి చీరను మడతపెట్టబోయి ఆగింది. “మీ ఒంట్లో బాగోలేదని నాకు తెలియదమ్మా. కోడలికొద్దు, నిజమే. కానీ ఇంత పని మీతో పోకూడదు కదా. ఎలా తీయాలో నోటితో చెప్పండి చాలు. నర్సయ్యగారు చేస్తారు, లేదా ఇంకెవరైనా చేస్తారు. చిలకమ్మగారు చెప్పారని పదిమందికీ నేనే చెబుతాను.”

చిలకమ్మగారు. ఆ దుకాణంలో ఆ మాట మొదటిసారి వినపడింది. ముందు నూనె మందు, రెండు చుక్కలు, అది ఆరనివ్వకుండా పొడి దూది, ఆ పైన పసుపు మందు, పట్టు మీద కాదు దూది మీద, ఊదకూడదు, ఆగాలి, మనసులో ఒకటి నుంచి లెక్కపెట్టి... అంతా ఒక్కసారిగా నాలుక కొసకు వచ్చి నిలబడింది. ఇంకెవరైనా చేస్తారు. ఆ ఇంకెవరైనా అంటే ఎవరు? ఇంకొక మూసిన తలుపు వెనక, ఇంకెవరి ఇంటిదో.

“యాదికి లేదమ్మా,” అంది.

“నీకు యాదికి లేకపోవుడేంది!” అన్నాడు రాజనర్సయ్య. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. “మన లగ్గంల ఎవలు ఏ చీర కట్టిన్రో ఇప్పటికి చెప్తవు.”

“గవన్ని యాదికున్నయి,” అంది చిలకమ్మ. “ఇదొక్కటే మర్చిపోయిన.”

హైమవతి చీర తీసుకుని వెళ్లిపోయింది. ఆయన వెళ్లి వెనక గది తలుపు దగ్గరకేశాడు. చిలకమ్మ చెయ్యి కొంగు కింద దాచుకుని, ఆ వంగపండు రంగు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూస్తూ నిలబడింది. కొంగు కింద ఆమె వేళ్లు మాత్రం ఆ మరక తీస్తూనే ఉన్నాయి.